ఆకుపచ్చ గీత

కంపెనీలో నన్ను ఎదురుగా అక్కా అంటారు, వెనకాల భూతద్దం అంటారు. ఆ రెండో పేరు నాకు తెలియదని వాళ్ళ నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా మనుషుల్నీ నట్లనీ ఒకే కంటితో చూస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? మా ఆయన అయితే, పెళ్ళైన కొత్తలో తన పళ్ళు సొంతవో కాదో లాగి చూశానని కనబడ్డవాళ్ళందరికీ చెబుతాడు. అది అబద్ధం. చూశాను గానీ లాగలేదు.

మా కంపెనీ చేసేది రోడ్డు లేని చోట నడిచే బండ్లు. షోరూముల్లో దొరకవు. సైన్యం కొంటుంది, సరిహద్దు దళం కొంటుంది. రిసెప్షన్ గోడ మీద నిలువెత్తు పోస్టరు ఒకటి ఉంటుంది. కొండ అంచున మా బండి, వెనక సూర్యుడు, కింద 'ఎక్కడికైనా' అని ఒకే ఒక్క మాట. ఆ కొండ మా వెనక పెరట్లోని మట్టి గుట్ట. నా భుజం ఎత్తు కూడా ఉండదు. ఆ ఫొటో తీసిన రోజు నేనక్కడే ఉన్నాను కాబట్టి, కంపెనీ ఏం చెప్పినా ముందు ఆ గుట్టే గుర్తొస్తుంది.

ఆఖరి తనిఖీ నా పని. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి లాంటిది ఒకటుంటుంది, ఆర్మ్ అంటాం. దాన్ని నిలబెట్టేవి ఒక బోల్టు, ఒక నట్టు. ఫిట్టరు ఆ నట్టుని టార్క్ రెంచితో బిగిస్తాడు. చాలినంత బిగియగానే రెంచి 'టిక్' మంటుంది. అప్పుడు నట్టు మీంచి ఆర్మ్ మీదకి పెయింటుతో ఒక గీత గీస్తాడు. తరవాత ఎప్పుడైనా నట్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. ఎడమవైపు ఫిట్టరుది పసుపు గీత, కుడివైపు ఫిట్టరుది తెల్ల గీత. వాళ్ళ తరవాత నేను నా రెంచి పెట్టి మరోసారి టిక్ అనిపించి, పక్కనే ఆకుపచ్చ గీత గీస్తాను. ఆ రంగు నా ఒక్కదానిదే. దళం తరఫున మా కంపెనీలోనే ఓ గదిలో కూర్చునే అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయన బండి కిందకి వంగి చూసేది ఆకుపచ్చ కోసమే. అది కనబడితే సంతకం పెట్టేస్తాడు.

ఎడమవైపు ఫిట్టరు మా తమ్ముడు. పదకొండేళ్ళ కిందట నేనే చేర్పించాను.

ఇక నా కూతురు. సరిహద్దు దళంలో డ్రైవరు. ఎక్కడో కొండల్లో ఉంటుంది. ఎక్కడో చెప్పదు, చెప్పకూడదట. ఆదివారం ఫోన్ చేస్తుంది. పోయిన నెల మా దగ్గర్నుంచి వెళ్ళిన ఇరవై నాలుగు బండ్లూ సరిగ్గా వాళ్ళ ఠాణాకే చేరాయి.

"మీ బండ్లు బావున్నాయమ్మా. ఒకదానికి మాత్రం గుంతలో పడ్డప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టకటకమంటోంది. నాది కాదులే, కంగారు పడకు" అంది.

"నట్టు చూశారా?"

"చూశాం. రెండు గీతలూ నిటారుగా ఉన్నాయి. నట్టు కదల్లేదు."

"స్పానర్ పెట్టి చూశారా అని అడుగుతున్నా."

"వారంటీ ఉన్నన్నాళ్ళూ మేం స్పానర్ తగిలించకూడదమ్మా. గీత చెరిగిందంటే మీ కంపెనీ మామీదకే తోసేస్తుంది. వచ్చే నెల సర్వీసు వాళ్ళు వస్తారుగా." మళ్ళీ తనే, "వచ్చే గురువారం కాదు, ఆపై గురువారం పై ఠాణాకి వెళ్తున్నాం, పన్నెండు బండ్లు. దారి భలే ఉంటుందట. ఎడమవైపు మొత్తం లోయే" అంది, విహారయాత్రకి పోతున్నట్టు.

ఆ రాత్రి మా ఆయన గురకని కూడా అనుమానించాను. నట్టు కదల్లేదు, అయినా చప్పుడొస్తోంది. అంటే తేడా నట్టులోనో బోల్టులోనో ఉంది. ఆరు నెలల కిందటే మా కంపెనీ కొత్త చోటి నుంచి నట్లు, బోల్టులు తెప్పించడం మొదలుపెట్టింది. చిన్న కార్ఖానా. దాని యజమాని ఓ పెద్దాయన. పెట్టెలు తనే మోసుకొస్తాడు. ఎవరు అడిగారు ఆయన్ని మోయమని? వచ్చినప్పుడల్లా నవ్వుతాడు. మా అమ్మాయి ఎలా ఉందని అడుగుతాడు. మా అమ్మాయి సంగతి ఆయనకెందుకు?

మర్నాడు స్టోరులో కూర్చుని ఆయన బోల్టులు నలభై తీసి కొలిచాను. తూకం వేశాను. మెత్తటి ఇనుమైతే గీతలు పడతాయని ఆకురాయితో రాకి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్నీ అంత సరిగ్గా ఉండటం నాకు నచ్చలేదు.

ఫిర్యాదు ఫారం తీశాను. అందులో రెండు గళ్ళుంటాయి. ఒకటి సరుకు లోపం, రెండోది పని లోపం. సరుకు లోపం అని టిక్కు పెడితే నమూనాలు ల్యాబుకి వెళ్తాయి. జవాబు రావడానికి మూడు వారాలు. అప్పటిదాకా బండ్లు తిరుగుతూనే ఉంటాయి. పని లోపం అని పెడితే అదే రోజు ఆ బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోవాలి. బిగించినవాడి పేరు, తనిఖీ చేసినవాడి పేరు రాయాలి. ఆ రెండు పేర్లవాళ్ళూ మర్నాటి నుంచి గేటు బయటే. ఇరవై రెండేళ్ళలో రెండో గడిలో టిక్కు పెట్టినవాళ్ళని నేను చూడలేదు. నేను మొదటి దాంట్లోనే పెట్టాను.

రెండు రోజుల్లో పెద్దాయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నా సరుకులో తేడా ఏంటో చూపించండి. దిద్దుకుంటాను."

"ల్యాబు చెబుతుందండి."

"మీరేం చూశారో అది చెప్పండి చాలు."

నేనేం చూశాను? ఏమీ చూడలేదు. "ల్యాబు చెబుతుందండి" అని మళ్ళీ అన్నాను. ఆ రోజు ఆయన నవ్వలేదు, మా అమ్మాయి సంగతీ అడగలేదు. చూశావా, దొరికిపోయాడని మనసులో అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే ఇంకోటి నా కంటపడింది. మా తమ్ముడు టీ కప్పు ఎడమ చేత్తో పట్టుకుంటున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఎడమ చేత్తో ఏదీ తాగలేదు. భార్యాభర్తలు గొడవ పడి గిన్నెలు విసురుకున్నారేమో, చేతికి తగిలిందేమోనని మరదలికి ఫోన్ చేసి కూపీ లాగాను.

"గొడవేం లేదు వదినా. ఈమధ్య గారాబం ఎక్కువైంది మీ తమ్ముడికి. చొక్కా కూడా నేనే తొడగాలట" అని నవ్వింది.

గొడవ లేదు సరే, మరి ఈ గారాబమేంటి? ఏదో దాస్తున్నారు, అప్పు చేశారో, ఇల్లు మారబోతున్నారో అని నా బుర్ర ఎటెటో పరుగెత్తింది. చెయ్యి ఎత్తలేనివాడికే చొక్కా ఇంకొకరు తొడగాలన్న ఒక్క సంగతి మాత్రం తట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం. మర్నాడే మా అమ్మాయి వాళ్ళ ప్రయాణం. రెండో విడత ఇరవై నాలుగు బండ్లు పెరట్లో వరసగా నిలబడి ఉన్నాయి. ల్యాబు వాళ్ళు కొత్త బోల్టు కాదు, బండికి ఎక్కించి బిగించిన బోల్టు కావాలన్నారు. సరే, ఒకటి విప్పి పంపుదామని పొడుగు స్పానర్ తీసుకుని మొదటి బండి ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ నట్టు విప్పాలంటే మనిషి బరువంతా వేసి తొక్కాలి. నేను స్పానర్ పెట్టి, ఊపిరి బిగబట్టి, లాగాను.

వెనక్కి పడ్డాను. నట్టు నా మణికట్టు బలానికే తిరిగిపోయింది.

లేచి బట్టలు దులుపుకుని రెండో బండి దగ్గరకి వెళ్ళాను. అది గట్టిగానే ఉంది. మూడోదీ గట్టిగానే ఉంది. నాలుగోది తిరిగింది. ఇరవై నాలుగూ చూశాను. ఎడమవైపు తొమ్మిది తిరిగాయి. కుడివైపు ఒక్కటీ తిరగలేదు.

ఆ తొమ్మిదింటి మీదా, నేను స్పానర్ పెట్టకముందు, గీతలు నిటారుగానే ఉన్నాయి. మేం వాడే నట్టు లోపల నైలాన్ పట్టీ ఉంటుంది. బిగించకపోయినా అది తనంతట తిరిగిపోదు. అలాగే ఉండి, ఊగే బోల్టుని రోజూ కొంచెం కొంచెం అరగనిస్తుంది, చివరికి ఓ రోజు బోల్టు తెగుతుంది. గీత నిటారుగా ఉందంటే నట్టు కదల్లేదని అర్థం, అంతే. అసలు ఎప్పుడైనా బిగించారా అన్నది గీత చెప్పదు.

నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు కుడివైపు ఫిట్టరు మీదకే పోయింది. వాడికి మా తమ్ముడంటే పడదు. ఎవరూ లేనప్పుడు వచ్చి వదులు చేసి, మళ్ళీ రంగు పూసి ఉంటాడనుకున్నాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని గీతల్ని దగ్గరగా చూశాను. నా ఆకుపచ్చ గీత చివర చిన్న తోక ఉంటుంది. కుంచె ఎత్తేటప్పుడు నా చెయ్యి కుడివైపుకి విదిలిస్తుంది, అది నా అలవాటు. తొమ్మిదింటి మీదా ఆ తోక ఉంది. ఎవడూ దొంగ రంగు పూయలేదు. అవి గీసింది నేనే.

మరి గీసే ముందు రెంచి పెట్టానా?

అక్కడే, మట్టిలో కూర్చుని, నాతో నేను నిజం చెప్పుకోవాల్సి వచ్చింది. కుడివైపు ప్రతి నట్టు మీదా పెట్టాను. ఆ ఫిట్టరు మొహం చూస్తేనే నాకు అనుమానం కాబట్టి కొన్నింటి మీద రెండేసిసార్లు పెట్టాను. ఎడమవైపు పెట్టలేదు. ఎప్పటినుంచి పెట్టలేదో సరిగ్గా చెప్పలేను. మొదట ఏదో తొందరలో ఒకటీ అరా వదిలి ఉంటాను. తరవాత పసుపు గీత కనబడితే చాలు, నా చెయ్యి కుంచె మీదకే పోయేది. లోకమంతటినీ అనుమానించేదాన్ని, ఒక్క మా తమ్ముణ్ణి వదిలేశాను. వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని, వాడి పని మీద రెంచి పెట్టడమేంటనుకున్నానేమో.

వాణ్ణి టైర్ల గుట్ట వెనక్కి పిలిచాను.

"ఒరే, కుడి చెయ్యి పైకెత్తు."

"ఎందుకక్కా?"

"ఎత్తరా."

వాడు ఎత్తలేదు. "ఏంటిది? చివరికి నామీద కూడానా నీ అనుమానం?" అని గయ్యిమన్నాడు. నేను వాడి చేతినే చూస్తున్నాను. కాసేపటికి వాడే కిందకి చూస్తూ మెత్తబడ్డాడు.

"భుజం పట్టేసిందక్కా. మూడు నెలలైంది. పొద్దున బానే ఉంటుంది, సాయంత్రానికి రెంచి టిక్ అనేదాకా లాగలేకపోతున్నా. చెబితే లైన్లోంచి తీసేస్తారు. భుజం పోయినవాణ్ణి ఇంకెక్కడ పెట్టుకుంటారు?"

"లాగలేకపోతే గీత ఎలా గీశావురా? టిక్ అనకుండా గీత గీస్తావా?"

"నువ్వు చూస్తావుగా!" అన్నాడు. "నీ చేతికి దొరక్కుండా ఏది పోయింది గనక! దొరుకుతుంది, అక్క నాలుగు తిడుతుంది, అప్పుడు చెప్పేద్దాం అనుకున్నా. మొదటి నట్టు మీద నువ్వు ఆకుపచ్చ గీసేసి వెళ్ళిపోయావు. రెండోదాని మీదా గీశావు. అప్పుడు నేను లాగింది చాలేమో, రెంచే పాడైపోయి టిక్ అనట్లేదేమో అనుకున్నానక్కా. నువ్వు సరే అన్నాక అది వదులుగా ఉంటుందని నేనెలా అనుకుంటాను?"

నేను చూస్తానని వాడు, వాడు బిగిస్తాడని నేను. వాడి మీద కోపం వచ్చింది, వాణ్ణి దగ్గరకి తీసుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. టైము చూసుకున్నాను, మూడు దాటింది.

మా మేనేజరుకి కోపం రాదు. అందుకే ఆయనంటే నాకు మొదటినుంచీ అనుమానం. నేను చెప్పిందంతా విని, తల ఊపి, డ్రాయరులోంచి నా పాత ఫిర్యాదు తీసి బల్ల మీద పెట్టాడు. వెతుక్కోలేదు. చేతికందే చోటే ఉంచుకున్నాడు.

"మేడమ్" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. "మీరు ఆల్రెడీ ఫిర్యాదు రాశారు. మంచి ఫిర్యాదు. నట్లలో లోపం. ఇంత కచ్చితమైన మనిషి రాశారంటే ఎవరూ కాదనరు. దాని దారిన దాన్ని పోనిద్దాం. పెరట్లోవి ఈ సాయంత్రం బిగించేద్దాం. అక్కడివి సర్వీసు వాళ్ళు చూసుకుంటారు."

"సర్వీసు వచ్చే నెలండీ. రేపు పొద్దున అవి కొండెక్కుతున్నాయి."

"ఇన్నాళ్ళూ తిరిగాయిగా."

"ఆ నట్ల పెద్దాయన ఏం చేశాడండీ?"

"ఆయన సంగతి మనకెందుకు? మీ తమ్ముడి సంగతి ఆలోచించండి. మీ సంగతి ఆలోచించండి." చాలా నెమ్మదిగా, మంచిగా చెప్పాడు. వెనక గోడ మీద ఆ పోస్టరే చిన్న సైజులో ఉంది.

కొత్త ఫారం ఒకటి ఇమ్మన్నాను. రేపు చూద్దాం అన్నాడు. ఫారాలు ఎక్కడుంటాయో నాకు తెలుసు. బయటికొచ్చి బీరువాలోంచి ఒకటి తీసుకుని, నిలబడే రాశాను. పాత ఫిర్యాదు తప్పు, నట్లలో, బోల్టుల్లో ఏ లోపమూ లేదని మొదటి వాక్యం. ఆ తరవాత రెండో గడిలో టిక్కు. తనిఖీ చేసినవారు అన్నచోట నా పేరు ముందు రాశాను. బిగించినవారు అన్నచోట పెన్ను ఆగింది. వెనక్కి తిరిగితే మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాడు, ఇక దాచడం లేదు.

"రాసెయ్ అక్కా. అమ్మాయి ఉంది అక్కడ" అన్నాడు.

రాశాను. మేనేజరు చేతికిస్తే ఆ కాగితం ఏ డ్రాయరులో నిద్రపోతుందో నాకు తెలుసు. అందుకే నేరుగా దళం అధికారి గదికి వెళ్ళి, ఆయన చేత అందినట్టు సంతకం, టైము వేయించుకున్నాను. ఆయన ఫారం చదివి నావైపు చూశాడు. "మీ గీత చూసే కదండీ నేను సంతకాలు పెట్టింది" అన్నాడు. "పెట్టారు" అన్నాను. ఆయన వెంటనే ఫోన్ ఎత్తాడు. ఎత్తినట్టు నటిస్తున్నాడేమోనని, అవతలి గొంతు వినబడేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

అయినా నాకు కాగితం మీద నమ్మకం లేదు, ఫోన్ ఎత్తిన పెద్దమనుషుల మీదా లేదు. మా అమ్మాయి డ్యూటీ దిగేది ఆరింటికి. ఆరు గంటల ఒక నిమిషానికి చేశాను. నాలుగోసారికి ఎత్తింది.

"బుధవారం చేశావేంటమ్మా? నాన్నకి బానే ఉందా?"

"బానే ఉంది. బండ్లు ఆపమని కబురొచ్చిందా?"

"ఏదో వచ్చిందంటున్నారు. రాత పూర్వకంగా రావాలట. వచ్చేదాకా రేపటి ప్రయాణం మారదన్నారు. ఏమైంది?"

"నువ్విప్పుడు ఎక్కడున్నావు?"

"షెడ్డులో. బండి కడుగుతున్నా."

"ఎడమ ముందు చక్రం దగ్గరకి వెళ్ళి కూర్చో. గీతలున్నాయా?"

"ఆ, ఉన్నాయి. మామయ్య పసుపు, నీ ఆకుపచ్చ. చివర తోక కూడా ఉంది." నవ్వింది. "ఇక్కడ అందరికీ చూపించానమ్మా, ఇది మా అమ్మ గీత అని. ఆ టకటక బండి నడిపేవాడు భయపడుతుంటే కూడా, మా అమ్మ తన మొగుణ్ణే నమ్మదు, ఆవిడ సరే అందంటే కళ్ళు మూసుకుని నడపొచ్చని చెప్పా."

గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"అమ్మా? ఉన్నావా?"

"స్పానర్ తీసుకో."

"గీత చెరుగుతుందమ్మా, వారంటీ..."

"చెరగనీ. ఆ గీత గీసినదాన్ని నేను చెబుతున్నా. తీసుకో."

ఫోన్ కింద పెట్టిన చప్పుడైంది. బకెట్టు పక్కకి జరిగిన చప్పుడు, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. రెంచి టిక్ మనే చప్పుడు కోసం ఇరవై రెండేళ్ళు చెవులు రిక్కించినదాన్ని, ఆ స్పానర్ మొరాయించే చప్పుడు కోసం దేవుళ్ళందరికీ మొక్కాను. ఆ చప్పుడు వినబడలేదు. చాలాసేపటికి ఫోన్ మళ్ళీ చెవి దగ్గరకి తీసుకుంది. గొంతులో నవ్వు లేదు.

"అమ్మా, తిరుగుతోంది. బలం పెట్టకుండానే తిరుగుతోంది."

"మిగతావి కూడా చూడు. ఆకుపచ్చ ఉన్నవన్నీ" అన్నాను. అది ఒక్కో బండి దగ్గరకి నడుస్తుంటే, ఫోన్ పెట్టెయ్యకుండా లెక్కపెట్టుకుంటూ విన్నాను.